మీకు తెలుసా? తెల్లవారుజామున చెరువుకు ఊపిరాడదు

ఈసారి ముచ్చట్లన్నీ ఊపిరి గురించే. ముక్కు, ఊపిరితిత్తులతో మొదలుపెట్టడం మామూలే కాబట్టి కాసేపు వాటిని పక్కన పెట్టి చెరువు గట్టుకు వెళ్దాం.

రాత్రంతా ఏరియేటర్లు ఎందుకు తిరుగుతాయి?

భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు రాత్రిపూట ప్రయాణం చేసినవాళ్లకు రొయ్యల చెరువుల్లో నీళ్లు చిమ్ముతూ తిరిగే చక్రాల చప్పుడు తెలిసే ఉంటుంది. పగటికన్నా రాత్రి, అందులోనూ తెల్లవారుజామున వాటి అవసరం ఎక్కువ. చెరువు నీటిలో ఆక్సిజన్ బాగా అడుగంటేది సూర్యోదయానికి కాస్త ముందే.

పగలు నీటికి పచ్చరంగునిచ్చే ప్లాంక్టన్ ఎండ తగిలినంతసేపూ ఆక్సిజన్ తయారు చేస్తుంది. మధ్యాహ్నం దాటాక, సాయంత్రం లోపు అది గరిష్ఠానికి చేరుతుంది. పొద్దు గూకితే ఆ తయారీ ఆగిపోతుంది గానీ ఊపిరి తీసుకోవడం ఎవరూ ఆపరు. రొయ్యలు, చేపలు, అడుగు బురదలోని బ్యాక్టీరియా, పగలంతా ఆక్సిజన్ ఇచ్చిన ప్లాంక్టన్ కూడా రాత్రంతా ఆ నిల్వనే ఖర్చు చేస్తాయి. నాలుగు రోజులు ముసురు పట్టి ఎండ లేకపోతే నిల్వ చేరదు, ఖర్చు మాత్రం తగ్గదు. అందుకే మబ్బు పట్టిన రోజున అనుభవమున్న రైతు మేత తగ్గిస్తాడు, జనరేటర్‌లో డీజిల్ ఉందో లేదో చూసుకుంటాడు. కరెంటు పోయిన గంట రెండు గంటల్లో పంట మొత్తం పోయిన కుటుంబాలు ఆ ప్రాంతంలో ఉన్నాయి. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను చూపే డీఓ మీటరులో అంకె పడిపోతుంటే గట్టు మీద నిలబడ్డవారి గుండె ఎలా కొట్టుకుంటుందో వారికే తెలుసు.

అసలు నీటిలో ఊపిరి పీల్చడమే కష్టం. 30 డిగ్రీల వేడి ఉన్న లీటరు మంచినీటిలో పట్టే ఆక్సిజన్ దాదాపు 7.5 మిల్లీగ్రాములు. అంతే గాలిలో అది 250 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. నీరు వేడెక్కే కొద్దీ, ఉప్పు పెరిగే కొద్దీ ఉన్నది ఇంకా తగ్గుతుంది. పైగా నిశ్చలంగా ఉన్న నీటిలో ఆక్సిజన్ ఒకచోటి నుంచి ఇంకోచోటికి పాకే వేగం గాలిలోకన్నా సుమారు 10,000 రెట్లు తక్కువ. చక్రాలతో నీటిని కలియబెట్టడానికి కారణం అదే. పైపొరలో కరిగింది దానంతటది అడుగుకు చేరేలోపు తెల్లారిపోతుంది.

ఇంత పేదరికంలో చేప ఎలా బతుకుతోంది? దాని మొప్పల్లో నీరు ఒకవైపు పారితే రక్తం దానికి ఎదురు పారుతుంది. దాంతో మొప్పను దాటే నీటిలో చివరి బొట్టు దగ్గర కూడా రక్తానికి ఎంతో కొంత దక్కుతూనే ఉంటుంది. చాలా చేపలు నీటిలోని ఆక్సిజన్‌లో సగానికి మించి లాగేసుకోగలవు. మనమో, పీల్చిన గాలిలోని ఆక్సిజన్‌లో నాలుగో వంతు మాత్రమే వాడుకుని మిగిలింది వదిలేస్తాం. పీల్చే గాలిలో అది 21 శాతం, వదిలే గాలిలో సుమారు 16 శాతం. నోట్లో నోరు పెట్టి ఊదితే ప్రాణం నిలబడేది ఈ మిగులు వల్లే.

నీళ్లలో మునిగి చచ్చిపోయే చేప ఉందని తెలుసా?

ఉంది, అదే మన కొర్రమీను. తెలంగాణ రాష్ట్ర చేప. దానికి మొప్పలున్నాయి గానీ అవి చాలవు. మొప్పల పైన తలలో ఒక గాలి గది ఉంటుంది. కొన్ని నిమిషాలకోసారి పైకొచ్చి గుటక వేసి ఆ గదిలోకి గాలి నింపుకోవాలి. పైకి రానివ్వకుండా వల అడ్డుపెట్టి ఉంచితే నిండు చెరువులోనూ ఊపిరాడక చస్తుంది. నీళ్లు లేకపోయినా ఒళ్లు తడిగా ఉంటే గంటల తరబడి బతుకుతుంది. ఎండాకాలం కుంట ఎండితే బురదలో దూరి వానల దాకా ఓర్చుకుంటుంది. బజారులో బతికున్న కొర్రమీను దొరకడం వెనక రహస్యం ఇదే.

ఉబ్బసానికని మృగశిర కార్తె నాడు హైదరాబాద్‌లో మింగించే చేపపిల్ల కూడా ఇదే. ఉబ్బసంలో గాలి గొట్టాల గోడలు వాచి, వాటి చుట్టూ కండరం బిగుసుకుని దారి ఇరుకవుతుంది. ఆ చేపమందు దాన్ని నయం చేస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. నమ్మకంతో వెళ్లేవారిని నేను తప్పుపట్టను. కానీ ఇన్‌హేలర్ మాత్రం మానకండి, పిల్లలకైతే అసలే మాన్పించకండి.

వేర్లు పైకి పెరగడం చూశారా?

కాకినాడ దగ్గర కోరింగ మడ అడవిలో చెక్కబాట మీద నడిస్తే, బురదలోంచి ఆకాశం వైపు నిలువుగా పొడుచుకొచ్చిన వేర్లు వేలకు వేలు కనిపిస్తాయి. ఉప్పునీటి బురదలో వేలెడు లోతు దాటితే ఆక్సిజన్ ఉండదు. వేరూ బతికున్న కణాల ముద్దే కాబట్టి దానికీ ఊపిరి కావాలి. ఈ ఊర్ధ్వ వేర్ల మీది సన్న రంధ్రాల నుంచి సముద్రపు పోటు తగ్గినప్పుడు గాలి లోపలికి వెళ్లి, గుల్లగా ఉన్న కణజాలం గుండా అడుగు వేర్లకు చేరుతుంది. ఇంట్లో కుండీ మొక్కకు రోజూ నీళ్లు పోసి పోసి చంపేయడం కూడా ఇదే కథ. మట్టి సందుల్లోని గాలి పోయి వేరుకు ఊపిరాడదు.

చింతచెట్టు కింద పడుకుంటే ఊపిరాడదా?

చింతచెట్టు మీద దెయ్యాలుంటాయనే కథను ఈ కాలం వాళ్లు నమ్మరు. దాని స్థానంలో ఇంకో కథ వచ్చింది: రాత్రి చెట్టు బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) వదులుతుంది, దాని కింద పడుకున్నవాడు చస్తాడు అని. మొదటి సగం నిజమే. ఎండ ఉంటేనే ఆకులు ఆక్సిజన్ ఇస్తాయని, చీకట్లో అవీ మనలాగే గాలిని చెడగొడతాయని ఇంగెన్‌హౌజ్ అనే డచ్చి వైద్యుడు 1779లోనే చూపించాడు. పగటి మేలు ముందు రాత్రి కీడు చాలా స్వల్పమని కూడా ఆయనే రాశాడు. ఆరుబయట ఆ కాస్తా గాలిలో కలిసిపోతుంది. ఒక మనిషి ఊరికే పడుకుని ఉన్నా నిమిషానికి దాదాపు 200 మిల్లీలీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. కిటికీలు బిగించిన గదిలో మంచం పక్కనున్న తులసి మొక్కకన్నా మంచం మీదున్న మనిషే గాలిని ఎక్కువ మారుస్తాడు.

పాతరలోకి దిగేముందు దీపం ఎందుకు?

జొన్నలు పాతరలో పోసి మూత వేసే రోజుల్లో, తీసేముందు రెండు జాగ్రత్తలు పాటించేవారు. మూత తీసి గాలాడనివ్వడం ఒకటి, తాడుతో దీపం లోపలికి దించి చూడడం రెండోది. గింజ కూడా బతికున్నదే. మొలకెత్తే దాకా సన్నగా ఊపిరి తీస్తూనే ఉంటుంది. దానికి తడి తోడైతే బూజు, పురుగు కూడా చేరి ఆ శ్వాస ఇంకా పెరుగుతుంది. మూసిన గొయ్యిలో ఆక్సిజన్ తగ్గి కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. అందులో పురుగు బతకదు కాబట్టే ధాన్యం నిలవుండేది. పాతర తవ్విన మన పెద్దల తెలివి నాకు ఇప్పటికీ అబ్బురమే. అయితే పురుగును చంపిన గాలే దిగిన మనిషినీ చంపుతుంది. కార్బన్ డయాక్సైడ్ మామూలు గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు, వాసన లేదు, గొయ్యిలోంచి అంత తేలిగ్గా బయటికి పోదు.

ఆక్సిజన్ 16, 17 శాతానికి దిగితే దీపం ఆరిపోతుంది. పాతకాలానికి అది మంచి పరీక్షే. ఇప్పుడు మాత్రం దాన్ని నమ్మకూడదు. సెప్టిక్ ట్యాంకులో, మురుగు మ్యాన్‌హోల్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. దీపం వెలుగుతూనే ఉంటుంది, మనిషి కూలిపోతాడు. మీథేన్ ఉంటే ఆ దీపమే మంట పెడుతుంది. కుళ్లిన గుడ్ల వాసన వస్తే తెలిసిపోతుంది కదా అనుకోకండి. ఆ వాయువు మోతాదు పెరిగితే ముందు వాసన పట్టే శక్తినే చంపేస్తుంది.

ఒకరు దిగి పడిపోతారు, కాపాడబోయి ఇంకొకరు, వారి కోసం మూడోవారు. ఇలాంటి వార్త చదివిన ప్రతిసారీ కడుపు తరుక్కుపోతుంది. రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనుషుల్ని దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. ట్యాంకు మన ఇంటిదైనా సరే మనిషిని దించవద్దు, యంత్రం పిలిపించాలి. లోపల ఎవరైనా పడిపోతే మీరు దిగకండి, అగ్నిమాపక సిబ్బందిని పిలవండి.

ఆయాసం ఆక్సిజన్ తగ్గినందుకు కాదు!

ఇది తెలిస్తే ఇంకొన్ని ప్రమాదాలు కూడా అర్థమవుతాయి. ఊపిరి బిగపట్టినప్పుడు ఇక ఆగలేనంటూ ఛాతీ గింజుకునేది ఆక్సిజన్ కోసం కాదు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, దాంతో మెదడు చుట్టూ ఉన్న ద్రవం కాస్త ఆమ్లంగా మారుతుంది. మెదడు కాండంలోని కణాలు ఆ మార్పును పసిగట్టి ఊపిరి తియ్యమని ఆజ్ఞ ఇస్తాయి. ఆక్సిజన్‌ను కొలిచే కణాలు మెడలోని ధమనుల దగ్గర ఉన్నా, అది బాగా పడిపోయాక గానీ అవి గట్టిగా పనిలోకి దిగవు. అంటే ఆక్సిజన్ లేని గాలిని పీలుస్తూ కూడా, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతున్నంతకాలం మనిషికి పెద్దగా బాధ తెలియకుండానే స్పృహ తప్పుతుంది.

వేసవి సెలవుల్లో బావుల్లో, కాలువల్లో ఎవరు ఎక్కువసేపు మునుగుతారని పిల్లలు పందేలు వేసుకుంటారు. మునిగేముందు గబగబా పది ఇరవై సార్లు ఊపిరి తీసుకుంటే ఎక్కువసేపు ఉండొచ్చని ఎవరో చెబుతారు. ఉండగలరు కూడా. కానీ ఆ గబగబ ఊపిరితో ఆక్సిజన్ పెరగదు, రక్తంలో అది ముందే 95 శాతానికి పైగా నిండి ఉంటుంది. తగ్గేది కార్బన్ డయాక్సైడ్. హెచ్చరిక గంటను విప్పేసి నీళ్లలోకి దిగినట్టే. ఆయాసం మొదలయ్యేలోపే ఆక్సిజన్ అయిపోయి, నీటి అడుగున చడీచప్పుడు లేకుండా స్పృహ పోతుంది. ఈత బాగా వచ్చిన పిల్లలే ఇలా పోతుంటారు. దయచేసి మీ పిల్లలకు ఈ ఒక్క ముక్క చెప్పండి.

కరిగిన కొవ్వు ఎక్కడికి పోతుంది?

చెమటగా పోతుందని కొందరు, వేడిగా పోతుందని ఇంకొందరు అంటారు. నిజానికి ఎక్కువ భాగం ముక్కులోంచే పోతుంది. 10 కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే అందులో 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరితోను, 1.6 కిలోలు నీరుగాను బయటికి పోతాయని ఆస్ట్రేలియాకు చెందిన మీర్‌మన్, బ్రౌన్ 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో లెక్కగట్టారు. అలాగని కూర్చుని గబగబా ఊపిరి వదిలితే బరువు తగ్గరు, తల తిరుగుతుంది. కణం లోపల కొవ్వు ఖర్చయితేనే వదలడానికి ఆ వాయువు ఉంటుంది.

పీల్చిన గాలితో కణం ఏం చేస్తుంది?

దీనికి జవాబు దొరకడంలో భీమవరంలో పుట్టిన ఒక తెలుగువాడి చెయ్యి ఉంది. ఎల్లాప్రగడ సుబ్బారావు 1895లో పుట్టారు, మద్రాసులో వైద్యం చదివి 1923లో అమెరికాలోని బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే తేలికైన పద్ధతి కనిపెట్టారు. 1925లో అచ్చయిన ఆ పద్ధతిని ప్రపంచమంతా ప్రయోగశాలల్లో ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే పిలిచారు. అదే పద్ధతితో కండరాన్ని పరీక్షిస్తుంటే ముందు ఫాస్ఫోక్రియాటిన్, తర్వాత 1929లో ఏటీపీ బయటపడ్డాయి. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుగొన్నాడు.

మనం పీల్చిన ఆక్సిజన్ కణంలోని మైటోకాండ్రియాకు చేరి, తిండి నుంచి విడిపడిన ఎలక్ట్రాన్లను అందుకుని నీరుగా మారుతుంది. ఆ దారిలో విడుదలైన శక్తితో తయారయ్యేదే ఏటీపీ. కండరం ముడుచుకోవడానికి, నరం పలకడానికి, మీరు ఈ వాక్యం చదవడానికి ఖర్చయ్యేది అదే. ఏ క్షణంలోనైనా ఒంట్లో ఉండే ఏటీపీ చాలా కొద్ది. కానీ ఖర్చయి మళ్లీ తయారవుతూ రోజు మొత్తం మీద లెక్క వేస్తే దాదాపు మన ఒంటి బరువంత అవుతుంది. సయనైడ్ దెబ్బ కొట్టేది ఈ చివరి మెట్టు మీదే. రక్తం నిండా ఆక్సిజన్ ఉన్నా కణం దాన్ని అందుకోలేదు.

ఆక్సిజన్ అక్కరలేని జంతువూ ఒకటి ఉంది. సాల్మన్ చేప కండలో బతికే హెన్నెగుయా అనే సూక్ష్మ పరాన్నజీవికి మైటోకాండ్రియా జన్యుసంపదే లేదని 2020లో తేలింది.

నెలలు నిండని బిడ్డకు ఊపిరెందుకు ఆడదు?

మన ఊపిరితిత్తుల్లో కోట్ల కొద్దీ గాలి గదులుంటాయి. అన్నీ విప్పి పరిస్తే 70 చదరపు మీటర్ల దాకా వస్తాయి. గాలికీ రక్తానికీ మధ్య అడ్డుగోడ మందం మిల్లీమీటరులో వెయ్యో వంతుకన్నా తక్కువ. ఎర్ర రక్తకణం ఆ గోడ పక్క నుంచి సుమారు ముప్పావు సెకనులో దాటిపోతుంది, అందులో మూడో వంతు కాలం చాలు ఆక్సిజన్ నింపుకోవడానికి.

అయితే ఆ గోడలు తడిగా ఉండాలి, తడిగోడలేమో ఒకదానికొకటి అంటుకుపోవాలని చూస్తాయి. తడిసిన ప్లాస్టిక్ సంచి నోరు తెరవడం ఎంత కష్టమో గుర్తుచేసుకోండి. ఊపిరితిత్తి కణాలు సర్ఫాక్టెంట్ అనే కొవ్వు పదార్థాన్ని స్రవించి ఆ అంటు వదిలిస్తాయి. గర్భంలో అది చాలినంత తయారయ్యేసరికి ఎనిమిదో నెల దాటుతుంది. అంతకు ముందే పుట్టిన బిడ్డ ప్రతి ఊపిరికీ మూసుకుపోయిన గదుల్ని మళ్లీ తెరవాలి. కాసేపటికి ఆ చిన్ని ఛాతీ అలిసిపోతుంది.

లోపం సర్ఫాక్టెంట్‌దేనని మేరీ ఎలెన్ ఏవరీ అనే వైద్యురాలు జెరె మీడ్‌తో కలిసి 1959లో చూపించింది. మందు మాత్రం వెంటనే రాలేదు. 1963 ఆగస్టులో అయిదు వారాలకు పైగా ముందే పుట్టిన అమెరికా అధ్యక్షుడు కెనడీ కొడుకు పాట్రిక్ ఈ జబ్బుతోనే రెండు రోజులు నిండకుండా కన్నుమూశాడు. అధ్యక్షుడి బిడ్డకైనా చెయ్యగలిగింది లేకపోయింది. 1972లో న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్, హౌవీ కాన్పుకు ముందే తల్లికి స్టెరాయిడ్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పండుతాయని నిరూపించారు. 1980లో జపాన్‌లో ఫుజివారా బృందం ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసిన సర్ఫాక్టెంట్‌ను పసివాళ్ల శ్వాసనాళంలోకి పోసి బతికించింది. నెలలు నిండకుండానే నొప్పులొస్తే ఇంట్లో కాలయాపన చెయ్యొద్దని, వెంటనే ఆసుపత్రికి రమ్మని డాక్టర్లు చెప్పేది ఇందుకే. తల్లికిచ్చే ఆ స్టెరాయిడ్ ఇంజెక్షన్ పని చెయ్యడానికి కొన్ని గంటల వ్యవధి కావాలి.

రక్తం ఎర్రగానే ఉండాలా?

అక్కరలేదు. రొయ్య రక్తంలో ఆక్సిజన్ మోసేది ఇనుము కాదు రాగి, గాలి తగిలితే అది నీలి ఛాయకు తిరుగుతుంది. అంటార్కిటికా సముద్రంలోని ఐస్‌ఫిష్ రక్తానికైతే రంగే లేదు. హిమోగ్లోబిన్ లేని ఈ చేప గురించి 1954లో నార్వే శాస్త్రవేత్త యోహాన్ రూడ్ రాశాడు. సున్నాకన్నా దిగువకు చల్లబడిన ఆ నీటిలో ఆక్సిజన్ పుష్కలం కాబట్టి, పెద్ద గుండెతో ఎక్కువ రక్తాన్ని తిప్పుతూ నెట్టుకొస్తుంది. బొద్దింకలో ఆక్సిజన్ మోసే పని అసలు రక్తానిది కాదు. పక్కల్లోని రంధ్రాల నుంచి గొట్టాలు నేరుగా కణాల దాకా గాలిని మోస్తాయి. తల తెగినా అది కొన్ని రోజులు బతకడానికి ఒక కారణం, ఊపిరికి తలతో పని లేకపోవడం.

హిమాలయాల మీదుగా ఎగిరే బాతులు

తల వెనక రెండు నల్ల చారలుండే ఒక జాతి బాతు చలికాలానికి దక్షిణ భారతం దాకా దిగి వస్తుంది. ఈ రాకపోకల్లో అది 7,000 మీటర్లకు పైన ఎగరడం ఉపగ్రహ పరికరాలతో నమోదైంది. అక్కడ ఆక్సిజన్ మనకు ఇక్కడ దొరికేదాంట్లో సగం కూడా ఉండదు. మన ఊపిరితిత్తుల్లో గాలి వచ్చిన దారినే పోతుంది కాబట్టి పాత గాలి కొంత ఎప్పుడూ లోపలే ఉండిపోతుంది. పక్షుల్లో గాలి తిత్తులు ఆ గాలిని ఊపిరితిత్తుల గుండా ఒకే దిశలో నడిపిస్తాయి, పీల్చినప్పుడూ వదిలినప్పుడూ తాజా గాలే తగులుతుంది.

వేలికి పెట్టే క్లిప్పు అబద్ధం చెప్పేదెప్పుడు?

కరోనా రోజుల్లో ప్రతి ఇంట్లో 94 అనే అంకె ఎంత భయపెట్టిందో మర్చిపోలేం. మాట్లాడుతూ, కాఫీ తాగుతూ ఉన్న మనిషికి ఆక్సిజన్ 80కి దిగి ఉండేది. ఆయాసం తెలియకపోవడానికి కారణం ఇందాక చెప్పుకున్నదే, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతూనే ఉంది. ఆ లోటును బయటపెట్టిన పల్స్ ఆక్సిమీటర్ సూత్రాన్ని 1974లో జపాన్ ఇంజనీరు తాకువో అవొయాగి కనిపెట్టాడు. ఆయన వేరే కొలత కోసం చెవి తమ్మె గుండా కాంతి పంపుతుంటే నాడి కొట్టుకోవడం అడ్డొచ్చేది. ఆ అడ్డునే ఆధారం చేసుకున్నాడు: నాడితో పాటు ఎగసిపడేది ధమని రక్తమే కాబట్టి, ఎర్రకాంతి, పరారుణ కాంతి దానిలో ఎంతెంత ఇంకాయో పోలిస్తే ఆక్సిజన్ తెలిసిపోతుంది. 2020 ఏప్రిల్‌లో, ప్రపంచమంతా ఆ క్లిప్పు కోసం వెతుక్కుంటున్న నెలలోనే, ఆయన చనిపోయాడు.

ఈ యంత్రానికి రెండు బలహీనతలున్నాయి. ఒకటి చర్మం రంగు. అమెరికా ఆసుపత్రుల్లో 2020లో చేసిన పరిశీలనలో, యంత్రం కనిపెట్టలేకపోయిన ఆక్సిజన్ లోటు తెల్లవారికన్నా నల్లవారిలో దాదాపు మూడు రెట్లు ఎక్కువ. మనలో చామనఛాయ, నలుపు ఎక్కువ కాబట్టి అంకె బాగున్నా మనిషి వాలకం బాగాలేకపోతే మనిషినే నమ్మాలి.

రెండోది కార్బన్ మోనాక్సైడ్. చలికి తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకున్నా, ఇంటి లోపల జనరేటర్ నడిపినా, గాలాడని బాత్రూంలో గ్యాస్ గీజర్ వాడినా పుట్టేది ఇదే. హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్‌కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. వాసన లేదు. తలనొప్పి, వాంతి, మగతతో మొదలై నిద్రలోనే ప్రాణం పోతుంది. ఆక్సిమీటర్ కాంతికి మాత్రం ఈ పాడైన రక్తం ఆక్సిజన్ నిండిన ఎర్ర రక్తంలాగే కనిపిస్తుంది, అంకె 98 చూపిస్తూనే ఉంటుంది. అలాంటి గదిలోంచి తెచ్చిన మనిషికి క్లిప్పు పెట్టి ఊరుకోరు. రక్తం తీసి వేరే యంత్రంతో కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను కొలుస్తారు, ఆలోపే మాస్కుతో నూరు శాతం ఆక్సిజన్ మొదలుపెడతారు.